నేల కింద పలచటి పైపు

కిందటి వారం మనం లాన్‌యింగ్‌ని ష్వేలియన్ టిఫిన్ దుకాణం వంటగదిలో, తడి నేల మీద మోకాళ్ళూని ఉండగా వదిలి వచ్చాం. కీలుంగ్ ఓడరేవు వెనక మెట్ల వీధిలో, ఆ పాత అపార్టుమెంటు కింది భాగంలో ష్వేలియన్ పదిహేడేళ్ళుగా గుడ్డు అట్లు, ముల్లంగి కేకు, సోయా పాలు అమ్ముతోంది. నెల రోజుల్లో నాలుగుసార్లు ఆమె వంటగది నేల జాలీలోంచి మురుగు పైకి తన్నింది. నాలుగోసారి అది దుకాణం దాటి మెట్ల దాకా పారింది. పైఅంతస్తుల వాళ్ళందరూ కూడి, ఇదంతా దుకాణం జిడ్డు పనేనని తేల్చారు. రెండో అంతస్తులో ఉండే లియావ్, ఆ దుకాణం గది సొంతదారు, కాగితం రాసి తెచ్చాడు. తప్పు దుకాణానిదే అయితే నెలాఖరుకి ఖాళీ చెయ్యాలని అందులో ఉంది. ష్వేలియన్ దాని మీద సంతకానికి బదులు తన పేరు ముద్ర వేస్తానంది, కాకపోతే నేల పగలగొట్టి చూశాకే వేస్తానంది. అందుకని పైపుల పని చేసే లాన్‌యింగ్‌ని పిలిపించింది.

సోమవారం. దుకాణానికి సెలవు. బయట ఎప్పటిలాగే వాన. వంటగదిలో బల్లలన్నీ ఒక పక్కకి జరిపి ఉన్నాయి. నీలం ప్లాస్టిక్ స్టూళ్ళ మీద లియావ్, మూడో అంతస్తు సుంగ్, నాలుగో అంతస్తు పెంగ్ దంపతులు కూర్చుని ఉన్నారు. ష్వేలియన్ మాత్రం నిలబడే ఉంది.

లాన్‌యింగ్ సుత్తి తియ్యలేదు. సంచీలోంచి చిన్న పొట్లం తీసి పెంగ్ భార్య చేతికిచ్చింది.

"అక్కా, ఇది మీ వంటింటి సింకులో వేసి, బకెట్టు నీళ్ళు గుమ్మరించి రండి. ఉత్త ఎర్ర రంగే, పింగాణీకి అంటుకోదు."

పెంగ్ భార్య వెళ్ళి పని కానిచ్చి వచ్చింది. ఆమె తిరిగి స్టూలు మీద కూర్చునేలోపే నేల జాలీ గుడగుడమంది. ఎర్రటి నీళ్ళు మెల్లగా పైకి వచ్చి, లాన్‌యింగ్ బూట్ల చుట్టూ పరుచుకున్నాయి.

"ఇవి నాలుగో అంతస్తు నీళ్ళు," అంది లాన్‌యింగ్. "కిందకి పోవాల్సినవి, దారి లేక ఈవిడ ఇంట్లోకి వచ్చాయి. ఈవిడ నీళ్ళు మీ ఇళ్ళల్లోకి ఎప్పుడూ రాలేదు. రాలేవు కూడా. అడ్డం ఈ జాలీకి అవతల, నేల కింద ఉంది."

"నీళ్ళు మావే కావచ్చమ్మాయ్," అన్నాడు లియావ్. ఆయన ఓడరేవు సుంకం ఆఫీసులో ముప్ఫయ్యేళ్ళు గుమస్తాగా చేసి రిటైరైన మనిషి. ఏ మాటైనా ఫైలు మీద రాసినట్టు చెప్తాడు. "అడ్డం ఎవరిదన్నది ప్రశ్న. రోజుకి రెండొందల అట్లు వేసే పెనం ఎవరింట్లో ఉంది? నా ఇంట్లో లేదు. సుంగ్ ఇంట్లో లేదు."

"నా సింకు కింద జిడ్డు ఆపే పెట్టె ఉంది బాబాయ్ గారూ," అంది ష్వేలియన్. "రోజూ మూసేముందు నేనే తీసి కడుగుతాను. మీరూ చూశారు."

"చూశాను. నువ్వు కడగడం చూశాను. కడగని రోజు నేనెలా చూస్తాను?"

సుంగ్ ముసిముసిగా నవ్వింది. ష్వేలియన్ మొహం ఎర్రబడింది.

లాన్‌యింగ్ పొడవాటి తీగ చివర కెమెరా బిగించి జాలీలోంచి లోపలికి తోసింది. అందరూ ఆమె భుజాల మీంచి చిన్న తెరలోకి తొంగి చూశారు. ముందు నల్లటి ఇనుప గోడ కనిపించింది. అది పై అంతస్తుల నుంచి నిలువుగా దిగే పోత ఇనుప పైపు, భవనంతో పాటు పుట్టింది. దాని మూతి దగ్గర మలుపు తిరిగాక గోడ రంగు మారింది. లేత బూడిద రంగు. గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డులా అణిగి ఉంది. ఇంకొంచెం పోతే పైపు కిందికి కుంగి, అక్కడ నీళ్ళు మడుగులా నిలిచిపోయాయి. మడుగు అవతల తెల్లటి ముద్ద. కెమెరా దాన్ని తాకి ఆగిపోయింది.

"అదిగో జిడ్డు," అన్నాడు లియావ్.

"జిడ్డే. కానీ జిడ్డు ఇంత తెల్లగా, ఇంత గట్టిగా ఉండదు," అంది లాన్‌యింగ్. వెనక్కి తిరిగి చూసింది. "ఎవరైనా కాస్టిక్ సోడా పొడి పోశారా?"

సుంగ్ గొంతు సవరించుకుంది. "నీళ్ళు సరిగ్గా పోవడం లేదని నేనే పోశాను. ఫోనులో ఎవరో చూపించారు. నాలుగు పొట్లాలు. రెండు నెలల్నించి."

"అది జిడ్డుతో కలిస్తే సబ్బవుతుంది పిన్నీ. వేడిగా ఉన్నంతసేపూ జారుతుంది. కింద చల్లబడ్డాక రాయవుతుంది. ఇంక మీరు బజార్లో సబ్బు కొనక్కర్లేదు, ఇక్కడ తవ్వుకుంటే చాలు."

ఈసారి పెంగ్ నవ్వాడు. సుంగ్ నవ్వలేదు.

"సరే, సోడా ఆవిడది. నూనె ఎవరిది?" లియావ్ వదల్లేదు.

"అందరిదీ. కానీ నూనె వల్ల పైపు కుంగదు బాబాయ్ గారూ. అది ఎందుకు కుంగిందో చూడాలి. అందరూ బయటికి నడవండి, పలకలు పగలగొట్టాలి. పెంకులు ఎగురుతాయి."

వాళ్ళు గొడుగులు వేసుకుని ముందు అరుగు మీదికి వెళ్ళారు. ష్వేలియన్ మాత్రం గుమ్మంలో నిలబడింది.

పలకల కింద జానెడు సిమెంటు, దాని కింద నల్లటి ఇసక మట్టి. లాన్‌యింగ్ గంటకు పైగా తవ్వింది. ఆమెకి నలభై నాలుగేళ్ళు. పద్దెనిమిదో ఏట తండ్రి వెనకాల పనిముట్ల సంచీ మోస్తూ మొదలుపెట్టింది. ఈ ఊళ్ళో ఆడమనిషి మేస్త్రీ అంటే ముందు నవ్వారు, తర్వాత అలవాటు పడ్డారు. చిన్న పారతో చివరి మట్టి గీకి, చేత్తో పైపుని తడిమింది. బొటనవేలితో నొక్కితే లోపలికి పోయింది.

అది డాబా మీంచి వాన నీళ్ళు దించడానికి వాడే పలచటి రకం. మురుగుకి వాడేది కాదు, అందులోనూ నేల కింద. పైగా మూడు అంగుళాలది. నాలుగంగుళాల ఇనుప పైపులోంచి వచ్చే నీళ్ళని మూడంగుళాల దాంట్లోకి తోశారు. కింద ఇసక పరిచి తొక్కలేదు. మరిగే నీళ్ళు పడ్డప్పుడల్లా పైపు మెత్తబడి, పైన సిమెంటు బరువుకి కొంచెం కొంచెంగా కుంగింది. కుంగిన చోట మెతుకు ఆగింది, మెతుకు మీద జిడ్డు ఆగింది.

ఎవరు చేశారీ పని, అని ఆమె మనసులో తిట్టుకుంది. తడిగుడ్డతో పైపు మీద మట్టి తుడిచింది.

నల్ల రంగు కలంతో రాసిన అక్షరాలు బయటపడ్డాయి. పద్దెనిమిదేళ్ళ కిందటి తేదీ. దాని పక్కన ఒక ఇంటిపేరు. కువో. ఆఖరి గీతని ఎడమవైపుకి కొక్కెంలా తిప్పడం ఆమెకి బాగా తెలుసు. చిన్నప్పుడు ఆమె బడి చీటీల మీద నాన్న సంతకంలో ఉండేది ఆ కొక్కెమే.

లాన్‌యింగ్ గుడ్డ పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"ఏమైంది?" అంది ష్వేలియన్ గుమ్మంలోంచి.

"ఏం లేదక్కా. తడి ఎక్కువగా ఉంది." అరచేతిని అక్షరాల మీద పెట్టింది. "ఒక ఫోన్ చేసుకుని వస్తాను."

వెనక సందులోకి వెళ్ళింది. రేకు చూరు మీద వాన టపటపమంటోంది. తండ్రి కువో తెంగ్‌హాయ్ పైవీధిలో ఉంటాడు. మోకాళ్ళు అరిగిపోయి పని మానేసి ఆరేళ్ళయింది. మూడోసారి మోగాక ఎత్తాడు. వెనకాల టీవీ మోగుతోంది.

"ఆఁ, చెప్పు. తిన్నావా?"

"ఇంకా లేదు. నాన్నా, మెట్ల వీధిలో లియావ్ గారి కింది భాగం. నేల పైపు నువ్వే వేశావా?"

టీవీ చప్పుడు ఆగిపోయింది.

"తవ్వావా?"

"తవ్వాను."

"పలచటిదేనా?"

"పలచటిదే. మూడంగుళాలు. నీ రాత ఉంది దాని మీద."

"ఉంటుంది. రాయకుండా నేనేదీ పూడ్చను." ఆయన గొంతు తగ్గించాడు. "ఎవరైనా చూశారా?"

"లేదు. నేనొక్కదాన్నే."

"ఆ కలం రంగు గట్టిది కాదు. కిరసనాయిలు గుడ్డతో రుద్దితే పోతుంది."

ఆయన రుద్దమంటున్నాడో, కూతురు ఏమంటుందో చూస్తున్నాడో ఆమెకి అర్థం కాలేదు. ఇరవయ్యేళ్ళు ఆయన పక్కన పనిచేసింది, ఈ ఒక్క పనికి తప్ప. జాయింటు కొంచెం వంకర పోతే మొత్తం కోయించి మళ్ళీ వేయించిన మనిషి. నీళ్ళకి అబద్ధం చెప్పలేమే అని వందసార్లు అన్న మనిషి.

"రుద్దమంటావా?" అంది.

వాన చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ఫోన్ కట్ అయిందేమోనని చెవి దగ్గర్నుంచి తీసి చూసుకుంది. కట్ కాలేదు.

"వాళ్ళంతా అక్కడే ఉన్నారా?" అన్నాడు తెంగ్‌హాయ్.

"ఉన్నారు."

"లోపలికి వెళ్ళు. అందరికీ వినబడేలా పెట్టు."

లాన్‌యింగ్ అందరినీ లోపలికి పిలిచింది. తవ్విన గుంట చుట్టూ నిలబెట్టి, ముందు తనే చెప్పింది. "ఈ పైపు ఇక్కడ వెయ్యకూడనిది. వేసింది మా నాన్న. ఇదిగో, ఆయన రాసుకున్న తేదీ. ష్వేలియనక్క ఈ దుకాణంలోకి రాకముందు సంగతి." ఫోన్‌ని బోర్లించిన బకెట్టు మీద పెట్టింది.

"లియావ్, ఉన్నావా?" ఫోన్‌లోంచి తెంగ్‌హాయ్ గొంతు.

"ఉన్నాను," అన్నాడు లియావ్.

"ఆ వారం తుఫాను. గట్టి పైపు లారీ రాలేదు. గుర్తుందా? నాలుగు రోజులు ఆగుదామన్నాను. నువ్వేమో, 'అద్దెకి దిగేవాళ్ళు శనివారం వస్తున్నారు, నీ దగ్గర ఉన్నదేదో వేసి పూడ్చెయ్, తర్వాత మార్చుకుందాం' అన్నావు. నా దగ్గర వాన నీళ్ళ పైపు ఉంది. అదే వేశాను. అన్నది నువ్వు, చేసింది నేను. చెయ్యననాల్సింది. అనలేదు."

"నేనలా అన్నట్టు రుజువేమైనా ఉందా?" లియావ్ గొంతులో ఆఫీసు మళ్ళీ వచ్చింది.

"లేదు. నా తప్పుకి రుజువు ఉంది, నీ కాళ్ళ దగ్గరే. నీ మాటకి రుజువు నువ్వే."

లియావ్ తన గొడుగు కొనతో నేల మీద నీళ్ళని కెలుకుతూ ఉండిపోయాడు. సుంగ్ ఒకసారి ఆయన వైపు, ఒకసారి గుంట వైపు చూసింది.

"తర్వాత మార్చడం మర్చిపోయారా మేస్త్రీ గారూ?" ఫోన్ వైపు వంగి అడిగింది ష్వేలియన్. ఆమె గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"మర్చిపోలేదమ్మా. మర్చిపోయి ఉంటే బాగుండేది. నువ్వు దుకాణం తెరిచాక ఆ వీధిలో నడవడం మానేశాను. చుట్టూ తిరిగి చేపల బజారు మీదుగా వెళ్ళేవాణ్ణి. నీ అట్లు బాగుంటాయని అందరూ అంటారు. నేను ఒక్కసారి కూడా తినలేదు."

ష్వేలియన్ చేతులు ఏప్రానుకి తుడుచుకుంది, అవి పొడిగానే ఉన్నా. తర్వాత లియావ్ వైపు తిరిగింది.

"ఈయన వీధి మార్చుకున్నాడు. మీరు రోజూ పొద్దున ఆరింటికి అదిగో ఆ మూల బల్ల దగ్గర కూర్చుని నా చేతి సోయా పాలు తాగారు. పదిహేడేళ్ళు. ఒక్కరోజు కూడా చెప్పాలనిపించలేదా బాబాయ్ గారూ?"

"నాకు గుర్తులేదు."

"మొదటిసారి మురుగు వచ్చినప్పుడు?"

లియావ్ గొడుగుని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"నాలుగోసారి వచ్చినప్పుడు? ఈ కాగితం రాసేటప్పుడు?"

"గుర్తొచ్చింది," అన్నాడు లియావ్ చాలా చిన్నగా. "రాసేటప్పుడు గుర్తొచ్చింది."

పెంగ్ భార్య నిట్టూర్చింది. ఎవరూ అరవలేదు. అలాంటి మాట విన్నాక అరవడానికి ఎవరికీ ఏమీ మిగల్లేదు. ష్వేలియన్ పొయ్యి గట్టు మీద ప్లాస్టిక్ కవరులో పెట్టిన కాగితం తీసి లియావ్ చేతిలో పెట్టింది.

"ఇంటికి తీసుకెళ్ళండి. ఇక్కడ తడిసిపోతుంది."

ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో దోపుకున్నాడు. వెళ్ళిపోతాడేమో అనుకున్నారంతా. వెళ్ళలేదు. స్టూలు లాక్కుని గుంట పక్కనే కూర్చున్నాడు.

"సరే అమ్మాయ్. ఇప్పుడేం వెయ్యాలో చెప్పు. ఇనుముదే వేద్దాం. ఈసారి ఇంక మన తర్వాత కూడా ఉండాలి."

లాన్‌యింగ్ సంచీ దగ్గరికి లాక్కుంది. నెల కిందట ఇదే వీధిలో ఇంకో ఇంట్లో కోసిన పాత ఇనుప పైపు ముక్క ఆమె సంచీలో ఉంది. తీసి ఆయనకిచ్చింది.

"బయట నాలుగంగుళాలు. లోపల చెయ్యి పెట్టండి."

లియావ్ చెయ్యి పెట్టాడు. మూడు వేళ్ళే పట్టాయి. లోపలంతా తుప్పు, బొబ్బలు బొబ్బలుగా.

"నిలువుగా గోడలో ఉన్నదాన్ని నేను కదపను. దానికి ఇనుమే మంచిది. పై వాళ్ళు నీళ్ళు వదిలితే కింది వాళ్ళకి చప్పుడు వినబడదు. మంటకి కరగదు. నిలువు గనక నీళ్ళు నిలవవు, మీ భవనంలోదాన్ని కెమెరాలో చూశాను, ఇంకా బాగానే ఉంది. కానీ నేల కింద పడుకున్న ఇనుము వేరు. దాని పొట్ట ఎప్పుడూ తడే. తుప్పు పొక్కుతుంది, ఒక్కో పొక్కు ఒక్కో మెతుకుని పట్టుకుంటుంది. అక్కడికి గట్టి పీవీసీ. గోడ మందంగా ఉండే రకం. లోపల నున్నగా ఉంటుంది, తుప్పు పట్టదు. నాలుగంగుళాలు. పైన ఉన్నదానికంటే కింద ఉన్నది ఎప్పుడూ సన్నగా ఉండకూడదు."

"మా మరిది ఇంట్లో మడతల పైపు వేశారు," అంది సుంగ్. సోడా సంగతి అందరూ మర్చిపోతే బాగుండునని ఆమె ఆశ. "ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. పని సగం రోజులో అయిపోయింది."

"సింకు కింద రెండు జానల దాకా సరే పిన్నీ. అంతకంటే పొడుగైతే ఒక్కో మడతా ఒక్కో గిన్నె. కడగని గిన్నె."

"మరి నా వేడి నీళ్ళు?" ష్వేలియన్ అడిగింది. "పాలు కాచిన గిన్నెలు మరిగే నీళ్ళతోనే కడుగుతాను. నా వల్ల కూడా కుంగిందా?"

అవునని చెప్పడం లాన్‌యింగ్‌కి ఇష్టం లేకపోయింది. అయినా చెప్పింది. "కొంత కుంగింది అక్కా. సరైన పైపు ఉంటే నీ వేడికి ఇంతగా లొంగేది కాదు. కొత్తది వేశాక కూడా మరిగేవి నేరుగా పొయ్యకు. పక్కనే చన్నీళ్ళ కుళాయి వదిలి పొయ్యి. ఇంకోటి. నీ దుకాణానికి వేరే పైపు వేస్తాను, సందులోకి విడిగా. పైవాళ్ళ నీళ్ళతో కలవదు. రేపు మళ్ళీ ఎక్కడైనా అడ్డం పడితే పై నీళ్ళు నీ వంటింట్లోకి రావు. సందులో మూత పెడతాను, మూత తీసి తీగ తోస్తే చాలు, నేల పగలగొట్టక్కర్లేదు."

"వాలు ఎంత పెడుతున్నావ్?" అని గుమ్మం దగ్గర్నుంచి ఎవరో అడిగారు.

తెంగ్‌హాయ్. ప్లాస్టిక్ వాన కోటు మీంచి నీళ్ళు కారుతున్నాయి. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో పాత రసమట్టం. మాట్లాడుతూనే బయల్దేరాడు కాబోలు, ఫోన్ ఎప్పుడు పెట్టేశాడో ఎవరూ గమనించలేదు. ఆ మోకాళ్ళతో అన్ని మెట్లు దిగి రావడానికి ఆయనకి ఎంతసేపు పట్టి ఉంటుందో లాన్‌యింగ్‌కి తెలుసు.

"మీటరుకి రెండు సెంటీమీటర్లు," అంది.

"మూడు పెడితే?"

"నీళ్ళు ముందే పరుగెత్తి పోతాయి. గట్టిది వెనక మిగిలిపోతుంది."

ఆయన తలూపాడు. అది ఆయనే నేర్పిన మాట. లియావ్ లేచి తన స్టూలు ఆయన ముందుకి జరిపాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. తెంగ్‌హాయ్ కూర్చుని, కర్ర మీద గడ్డం ఆనించి, గుంటలో తన పేరుని చాలాసేపు చూశాడు. ష్వేలియన్ ఒక కప్పు వేడి సోయా పాలు తెచ్చి ఆయన చేతికిచ్చింది. సెలవు రోజు దుకాణంలో ఏమీ ఉండదు. తన కోసం కాచుకున్నదే ఇచ్చింది. ఆయన రెండు చేతులా పుచ్చుకున్నాడు.

మధ్యాహ్నం మూడు దాటింది. కొత్త పైపులు సందులోకి వచ్చాయి. లాన్‌యింగ్ గుంట అడుగున ఇసక పరిచి, కాళ్ళతో తొక్కి, తండ్రి రసమట్టంతో చూసుకుంది. ఆయన కళ్ళతో చూశాడు, అంతే.

"ఇప్పుడు పాతది కోస్తాను," అంది. "నిలువు పైపు నోరు తెరుచుకుని ఉంటుంది. గంటసేపు పైన ఎవ్వరూ నీళ్ళు వదలకూడదు. వదిలితే నా తల మీదే. రెండో అంతస్తు?"

"కట్టేసి వచ్చాను. ఇంట్లో ఎవరూ లేరు," అన్నాడు లియావ్.

"మూడు?"

"నేనొక్కదాన్నే కదా ఉండేది. ఇక్కడే ఉన్నాను," అంది సుంగ్.

"నాలుగు?"

"మేమిద్దరం ఇక్కడే," అన్నాడు పెంగ్. "పైది అక్కర్లేదు, ఐదో అంతస్తుకి తాళం వేసి ఆరేళ్ళయింది."

లాన్‌యింగ్ రంపం తీసుకుని గుంటలోకి దిగింది. పలచటి పైపు రెండు నిమిషాల్లో తెగింది. పేరు ఉన్న ముక్కని తీసి పక్కన పెట్టింది. తెల్లటి ముద్దని పారతో తవ్వి బకెట్టులోకి ఎత్తింది. రెండు బకెట్లు నిండాయి. పెంగ్ ముక్కు మూసుకుని వాటిని సందులోకి మోశాడు. ఇనుప పైపు మూతి ఖాళీ అయింది. ఆమె దాన్ని లోపలా బయటా గీకి, గుడ్డతో తుడిచింది. ఆరబెట్టి, వేలితో తడిమి చూసుకుంది. ఎక్కడా తడి లేదు. ఇనుముకీ పీవీసీకీ మధ్య బిగించే మందపాటి రబ్బరు తొడుగుని రెండు చేతులా పట్టుకుని మూతికి ఎక్కించబోయింది.

మణికట్టు మీద చల్లగా ఏదో పడింది.

ముందు రెండు చుక్కలు. తర్వాత సన్నటి ధార. తర్వాత గుప్పెడు నీళ్ళు ఒక్కసారిగా దిగి ఆమె మోచేతుల మీంచి ఇసకలోకి పారాయి. లాన్‌యింగ్ వెనక్కి జరిగింది. నీళ్ళు తెల్లగా ఉన్నాయి, పలచటి పాలలాగా. ఇసక మీద నాలుగైదు బియ్యపు గింజలు మిగిలాయి.

ఆమె ఒక గింజ తీసి అరచేతిలో పెట్టుకుని చూసింది. ఎవరో బియ్యం కడిగారు. ఇప్పుడే.

"కుళాయి ఎవరు వదిలారు?" అని పైకి చూసి అడిగింది.

అందరూ గుంట చుట్టూనే ఉన్నారు. పెంగ్ తన భార్య వైపు చూశాడు, ఆమె సుంగ్ వైపు చూసింది. లాన్‌యింగ్ ఒక్కొక్కరినీ లెక్కపెట్టింది. రెండో అంతస్తు, మూడు, నాలుగు. ఒక్కరు కూడా తగ్గలేదు.

పైపు మళ్ళీ చిన్నగా గురగురమంది. రెండోసారి కడిగిన నీళ్ళు వచ్చాయి. ఈసారి కొంచెం తేటగా.

"ఐదో అంతస్తు," అంది సుంగ్ గొణుగుతున్నట్టు. "దాని తాళం..."

అందరూ తలలెత్తి కప్పు వైపు చూశారు. లియావ్ ఒక్కడే చూడలేదు. ఆయన అప్పటికే లేచి నిలబడ్డాడు. గొడుగు కూడా మర్చిపోయి వంటగది దాటి, దుకాణం దాటి, మెట్ల మొదట్లోకి వెళ్ళి, కటకటాల తలుపు దగ్గరికి లాగి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

"పైకి ఎవరూ వెళ్ళొద్దు," అన్నాడు. ఆయన గొంతులో ఈసారి ఆఫీసు లేదు. "ఆవిడ ఇప్పుడే వంట మొదలుపెట్టింది. తిననివ్వండి."